వంకరను మెచ్చుకోకండి

చేతిపనుల ప్రదర్శన ఒకదానిలో, మట్టి పాత్రలు చేసే ఒకామె బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. లేత బూడిదరంగు గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసిన పళ్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని బల్ల మీద పెట్టి వేలితో నొక్కితే అటూ ఇటూ ఊగింది. అంచు ఒకవైపు గోరంత పైకి లేచి ఉంది. నాకు ముచ్చటేసింది. “ఈ వంకరే దీనికి అందమండీ, చేత్తో చేసినట్టు తెలుస్తోంది” అన్నాను. మనసారా మెచ్చుకుంటూనే అన్నాను.

ఆమె ఏమీ అనకుండా పళ్లెం నా చేతిలోంచి తీసుకుంది. తనూ ఒకసారి నొక్కి చూసి, బల్ల కింద అట్టపెట్టెలో పెట్టేసింది. “ఇది ఇక్కడికి రాకూడనిదండీ. పొద్దున సర్దేటప్పుడు చూసుకోలేదు” అంది. తర్వాత ఇంకో పళ్లెం తీసి, బోర్లించి, నా చేతికిచ్చింది. “దీని అడుగున వేలు తిప్పి చూడండి.” అడుగున పాదం ఉంగరంలా ఉంది. బల్లను గీకకుండా, చేతికి గుచ్చుకోకుండా దాని అంచులను రెండు వైపులా సన్నగా వాల్చింది. వేలు ఒక చుట్టు తిరిగి వచ్చింది, ఎక్కడా ఆగలేదు. “ఇలా రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. చూసినవాళ్లంతా ఆ వంకరనే మెచ్చుకుంటారు” అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. “చేత్తో చేసిన వస్తువుకు లోపాలే అందం” అని మనం ఇష్టంగా చెప్పుకునే మాట చేతిపని వాళ్లకు అన్యాయం చేస్తోందని ఇప్పుడు నా నమ్మకం. తిట్టు రూపంలో వచ్చే అన్యాయాన్ని ఎదిరించవచ్చు. మెచ్చుకోలుగా వచ్చినదాన్ని ఏం చేస్తారు? నవ్వి ఊరుకుంటారు. ఆమె చేసింది అదే.

మగ్గం దగ్గర ఒక పూట

నిజానికి ఈ సంగతి నాకు అంతకుముందే ఒకసారి ఎదురైంది, అప్పుడు పట్టించుకోలేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక నేతకారుడి మగ్గం పక్కన ఒక పూట కూర్చునే అవకాశం దొరికింది. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. అడ్డు పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది, ప్రతి పరుగు వెనకా ఆ పోగును దగ్గరికి నెట్టే పన్నె దెబ్బ పడుతోంది. కాసేపటికి ఆ చప్పుడుకు నా ఊపిరి కూడా లయ కలిపింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

నాకేమీ కనబడలేదు. ఆయన వంగి, బట్ట మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపారు. రెండు వేళ్లతో పడుగులోంచి, అంటే నిలువు పోగుల్లోంచి, తెగిన పోగు కొసను పైకి లాగారు. అది ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ వెనక్కి వెళితే, బెత్తెడు బట్ట కింద దొరికింది. ఇక ఆ బెత్తెడు మేరా పేకను, అంటే అడ్డు పోగుల్ని, ఒక్కొక్క వరసా విప్పడం మొదలుపెట్టారు. నాడెతో కన్ను మూసి తెరిచేలోగా వేసిన వరసను విప్పడానికి చాలా సమయం పడుతుంది. పోగు చిట్లకూడదు, పక్క పోగులు నలగకూడదు. అరగంట దాటింది. ఉండబట్టలేక, “అంత సన్నని గీత ఎవరికి కనబడుతుందండీ?” అని అడిగాను.

“మగ్గం మీద బిగుతుగా ఉంటుంది కాబట్టి కనబడదండీ. ఒక్కసారి నీళ్లలో పడనివ్వండి, గీత నోరు తెరుస్తుంది” అన్నారు, తలెత్తకుండానే.

ఆయన అరగంట పాటు విప్పింది చేత్తో నేసిన బట్టకు “సహజమైన చిన్న లోపం” అని మనం పిలిచేదాన్నే. ఆ లోపం ఆయనకు సహజం అనిపించలేదు. అందం అసలే అనిపించలేదు. అది ఉంటే బట్ట ఆయనది కాదు.

ఇక్కత్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. నేయకముందే పోగుల్ని కట్టలుగా కట్టి, రంగు అంటకూడని చోట్ల ముడులు బిగించి, అద్దకం వేసి, ఆ రంగులు నేతలో ఒక బొమ్మగా కలిసేలా చూసే పని అది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు, నీళ్లలో నీడలా కనబడతాయి. ఆ చెదురునే మనం మురిసిపోతూ చూస్తాం. నేసేవాళ్లు చూసేది వేరు. పడుగు, పేక రెండింటికీ ముందే రంగులద్ది నేసే జంట ఇక్కత్ ప్రపంచంలో కొన్ని చోట్ల మాత్రమే నిలిచింది. గుజరాత్‌లోని పాటన్, బాలి ద్వీపంలోని తెంగానన్, జపాన్‌లో కొన్ని ప్రాంతాలు వాటిలో ఉన్నాయి. పాటన్‌లో పటోలా పట్టుచీరలు నేసేవాళ్లు కొంత మేర నేశాక ఆగి, పడుగు బిగువు సడలించి, సూదితో పోగుల్ని జరుపుతూ ఎర్రమీదికి ఎరుపునూ తెల్లమీదికి తెలుపునూ తెస్తారు. పోగు పోగునూ సరిచేస్తారు. అంతా చేశాక కూడా మిగిలిన వెంట్రుకవాసి చెదురు, వాళ్లు చివరిదాకా తగ్గించుకుంటూ వచ్చిన దూరం. ఆ దూరం ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోవలసిన మనం, దూరం మిగిలినందుకు చప్పట్లు కొడుతున్నాం.

చీటీ మీది మాట

చేత్తో చేసిన వస్తువు కొంటే దానికో చిన్న అట్టముక్క వేలాడుతూ వస్తుంది. “ఇది చేత్తో చేసినది. ఇందులోని చిన్న చిన్న లోపాలు దీని ప్రత్యేకత” అనే అర్థంలో ఒక మాట ఉంటుంది. దాన్ని రాసినవాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది. నూలుకు రెండో దఫా వేసిన రంగు మొదటిదానికంటే ఒక ఛాయ తేడాగా వస్తుంది. ఆ సంగతి తెలియని కొనుగోలుదారు వస్తువును తిప్పి పంపుతాడు. ఆ దెబ్బ నేసినవాళ్ల మీద పడకుండా ఆ అట్టముక్క కాపాడుతుంది. ఆ మేరకు అది అవసరమే.

కానీ అదే అట్టముక్క ఇంకో పని కూడా చేస్తుంది. నాసిరకం పనికి గొడుగు పడుతుంది. ఒకసారి ఒక చెక్కపెట్టె తెప్పించుకున్నాను. మూత సరిగ్గా కూర్చోలేదు. మూలల్లో అతుకుకూ అతుకుకూ మధ్య సందు కనబడుతోంది, సందులో జిగురు గడ్డకట్టి ఉంది. అమ్మినవాళ్లకు చెబితే చేతిపనిలో అలాగే ఉంటుందని జవాబొచ్చింది. అలా ఉండదు. రంపం పట్టడం నేర్చుకుంటున్న కుర్రవాడు తొందరలో చేసిన పెట్టె అలా ఉంటుంది. చేయి తిరిగిన వడ్రంగి చేసిన పెట్టె మూత వేస్తే, లోపలి గాలి మెల్లగా తప్పుకుంటూ మూతను దించుకోవడం తెలుస్తుంది. ఈ రెండింటికీ ఒకే అట్టముక్క కట్టి, రెండూ చేతిపనే కదా అంటే, నష్టపోయేది రెండో పెట్టె చేసినవాడు. ఏళ్ల తరబడి ఉలి మీద పెట్టిన శ్రద్ధకు విలువ కట్టే కొలబద్దనే మనం విరిచేస్తున్నాం.

తివాచీల గురించి చెప్పే కథ మీరూ వినే ఉంటారు. దేవుడొక్కడే పరిపూర్ణుడు కాబట్టి నేసేవాళ్లు కావాలనే ఒక ముడి తప్పు వేస్తారని అమ్మేవాళ్లు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. అయితే వేల ముడులు వేస్తూ నెలల తరబడి కూర్చున్న మనిషికి తప్పు దానంతట అదే వచ్చి వాలుతుంది, ఆహ్వానం పంపనక్కర్లేదు. తివాచీల్లో అడ్డంగా కనబడే రంగు ఛాయల పట్టీలను “అబ్రాష్” అంటారు. ఉన్నికి కొద్దికొద్దిగా, వేర్వేరు దఫాలుగా రంగు వేసుకోవడం వల్ల వచ్చే తేడా అది. దానికి భక్తితో పని లేదు. రంగు తొట్టి పరిమాణం, ఉన్ని గుణం, నీటి గుణం చాలు. ఆ కారణాలు తెలిస్తే ఆ పట్టీ ఇంకా అందంగా కనబడుతుందని నా అనుభవం. కథ చెప్పి పని దాచేయడం నాకు నచ్చదు.

తప్పును తయారుచేసే యంత్రం

లోపమే చేతిపనికి గుర్తు అని మనం ఒప్పేసుకున్నాక ఏం జరిగింది? ఆ గుర్తును యంత్రం కూడా వేయడం నేర్చుకుంది.

రాట్నం మీద వడికిన నూలులో అక్కడక్కడా లావు వస్తుంది. వడికేవాళ్లకు అది తప్పు, చెయ్యి కుదురుతున్న కొద్దీ తగ్గించుకునే తప్పు. ఇప్పుడు నూలు మిల్లుల్లో అదే లావును కావాలని పుట్టించే అమరికలున్నాయి. ఎంత పొడవున, ఎంత లావుగా, ఎంత ఎడంగా రావాలో ముందే నిర్ణయించి, ఒక క్రమం దొరక్కుండా కంప్యూటర్ చేత వేయిస్తారు. మట్టి పాత్రల్లోనూ అంతే. బంకమట్టిలోని ఇనుప రేణువులు బట్టీ వేడికి కరిగి, గ్లేజును చీల్చుకుని గోధుమరంగు చుక్కలుగా పైకి వస్తాయి. ఇప్పుడు ఆ చుక్కల్ని లెక్కప్రకారం చల్లి, వేల సంఖ్యలో ఒకే రకం పళ్లాలు తీస్తున్నారు. కుమ్మరి సారె మీద వేళ్లు జరిగిన గాడులను అచ్చులోనే చెక్కేస్తారు. అచ్చులోంచి వచ్చిన ప్రతి గిన్నె మీదా ఎవరివీ కాని వేలిముద్రలు ఉంటాయి.

వంకరను చూసి చేతిపనిని గుర్తుపట్టడం నేర్చుకున్నవాడు ఇక్కడ పూర్తిగా మోసపోతాడు. పనిని చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నవాడు మోసపోడు, ఎందుకంటే ఆ గిన్నెను బోర్లిస్తే పాదం దగ్గర ఎవరూ ఏమీ ఆలోచించలేదని తెలిసిపోతుంది.

యంత్రం మీద నాకు పగ లేదు, అది కూడా చెప్పాలి. 1859లో థోనెట్ సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీ కర్మాగారపు వస్తువే. ఆవిరిపట్టి వంచిన బీచ్ చెక్క ముక్కలు 6, మరలు 10, నట్లు 2, అంతే. విడదీసిన కుర్చీలు 36 ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. ఆ కుర్చీలో ఆలోచన ఉంది, చెక్క నార ఎటు వంగుతుందో తెలిసిన తెలివి ఉంది. చేత్తో చేసినట్టు నటించాలన్న కోరిక దానికి ఎక్కడా లేదు. నటించే పళ్లెం కంటే అది వెయ్యి రెట్లు నయం.

రస్కిన్, యానగి, నా సందేహాలు

నేను చెబుతున్నదానికి ఎదురు నిలిచే వాళ్లు చిన్నవాళ్లు కారు. 1853లో ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్, మధ్యయుగపు గోథిక్ శిల్పుల గురించి రాస్తూ, లోపం లేని పనిని పట్టుబట్టి కోరడమంటే పనివాణ్ణి పనిముట్టుగా మార్చడమేనని వాదించాడు. ఆ అధ్యాయాన్ని 1892లో రచయిత, కళాకారుడు విలియం మోరిస్ తన సొంత ముద్రణాలయంలో విడి పుస్తకంగా వేసుకున్నాడంటే, ఆ మాటల బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు. నాకూ అందులో సగం నచ్చుతుంది. వెయ్యి పూసల్ని ఒక్కలా కోస్తూ కూర్చునే చేతికి ఆలోచన అక్కర్లేదు, ఆలోచన అక్కర్లేని చేయి క్రమంగా మొద్దుబారుతుంది. ఇది నిజం.

అయితే రస్కిన్ కోరింది స్వేచ్ఛను. స్వేచ్ఛ ఉన్నచోట మొరటుతనాన్ని కూడా భరించమన్నాడు. మనం కాలక్రమంలో స్వేచ్ఛను మరచిపోయి మొరటుతనాన్ని పట్టుకున్నాం. వంకర పళ్లాల కోసం ఒకే రకం ఆర్డరు నూరింటికి ఇచ్చి, వంకర తగ్గితే తిప్పి పంపే కొనుగోలుదారు ఉన్నాడనుకోండి, అక్కడ పనివాడు మళ్లీ పనిముట్టే కదా?

రెండోది జపాన్ నుంచి వచ్చే వాదన. జపాన్ జానపద కళల ఉద్యమానికి ఆద్యుడైన యానగి సోయెత్సు, 1931లో కిజాయెమోన్ అనే పేరుగల ప్రసిద్ధమైన తేనీటి పాత్రను చూశాడు. అది 16వ శతాబ్దంలో కొరియాలో తయారైన మామూలు గిన్నె. పాదం దగ్గర గ్లేజు ముడుచుకుపోయి, గరుకుగా, పగుళ్ల గీతలతో ఉంటుంది. జపాన్‌లో దాన్ని జాతీయ సంపదగా కాపాడుతున్నారు. గరుకుతనం అందం కాదంటావా అని ఎవరైనా అడిగితే ఆ గిన్నెను చూపిస్తే చాలు, నా నోరు మూతపడాలి.

కానీ యానగి ఆ గిన్నెలో చూసింది ఏమిటి? దాని మామూలుతనాన్ని. దాన్ని చేసిన పేరులేని కుమ్మరి అందం కోసమూ వంకర కోసమూ వెంపర్లాడలేదు. రోజూ చేసే గిన్నెల్లో అదొకటి. తర్వాతి కాలంలో తేనీటి రసికుల కోసం కావాలని గిన్నెల్ని సొట్టలుగా, వంకరగా చేసిన ధోరణిని యానగి స్వయంగా తప్పుపట్టాడు. లోపాన్ని వెతుక్కుంటూ పోవడం, పరిపూర్ణతను వెతుక్కుంటూ పోవడం, రెండూ ఒకే రకమైన బంధనాలని ఆయన భావం. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఇది నన్ను కూడా తాకుతుంది. వంకరను మెచ్చుకోవద్దంటూ, తెలియకుండానే నేను తిన్నదనాన్ని పూజించమంటున్నానా?

ఈ సందేహానికి జవాబు నాకు చెక్క దగ్గర దొరికింది. జార్జ్ నకషిమా చేసిన బల్లలు అమెరికా ఇళ్లలోకి ఎక్కింది 20వ శతాబ్దంలో. చెట్టు అంచును అలాగే వదిలేసేవాడు, పలకలోని చీలికను కూడా దాచేవాడు కాదు. చూడగానే లోపాన్ని ఆరాధిస్తున్నాడు అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే చీలికకు అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో గట్టి చెక్క బిళ్లలు దిగగొట్టి ఉంటాయి. చీలిక ఇక వెంట్రుకవాసి కూడా ముందుకు పోలేదు. ఉండనిచ్చాడు, అదుపులో పెట్టాడు. బిళ్ల ఎక్కడ వేయాలో, ఎన్ని వేయాలో అతను నిర్ణయించాడు. చైనాలో సోంగ్ రాజవంశ కాలపు కుమ్మరులు చేసిందీ ఇదే. మట్టి కంటే గ్లేజు ఎక్కువ కుంచించుకుపోతే పగుళ్లు వస్తాయి. మామూలు గిన్నెకు అది దోషం. ఆ దోషాన్ని వాళ్లు పూర్తిగా వశం చేసుకుని, మంచుగడ్డ పగిలినట్టుండే వలను పాత్ర నిండా పరిచారు. నేను మెచ్చుకోవద్దంటున్నది పగులును కాదు. ఎవరూ నిర్ణయించని పగులును, ఎవరో నిర్ణయించిన పగులును ఒకే గాటన కట్టడాన్ని వద్దంటున్నాను.

ఇంకో సందేహం ఉంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. లోపాలను మెచ్చుకోవద్దని నేను రాస్తే, అది చదివి ఎవరైనా భూతద్దం పట్టుకుని బేరమాడటానికి వెళతారేమోనని భయం. అసలే కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు. చేసేవాళ్ల కష్టాన్ని ఒక్క మాటతో పగలగొట్టడం చాలా తేలిక. అలాగే కొత్తగా నేర్చుకునేవాళ్లకు “పర్వాలేదు, వంకరగా ఉన్నా బాగుంది” అనే మాట ప్రాణం పోస్తుంది. నేను కొన్ని నెలలు సారె మీద కూర్చున్నాను. మట్టి ముద్దను నడుమకు తేవడమే చేతకాని రోజుల్లో ఆ మాట నాకూ ఎవరో చెప్పారు, అది లేకపోతే మానేసేవాణ్ణి. నేర్చుకునేవాళ్లకు ఆ మాట అనండి, తప్పకుండా అనండి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు అదే మాట అంటే మాత్రం, వాళ్లు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారని చెప్పినట్టవుతుంది.

బోర్లించి చూడండి

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ బోధించిన డేవిడ్ పై, 1960ల్లో ఒక తేడాను స్పష్టంగా చూపించాడు. చేతిపని, యంత్రం పని అనే విభజన పక్కనపెట్టి, పనితనాన్ని రెండు రకాలుగా చూడమన్నాడు. ఒకదానిలో ఫలితం ముందే ఖాయం. ఇంకోదానిలో చివరి క్షణం దాకా ముప్పు పొంచి ఉంటుంది, చేసేవాడి నేర్పు, శ్రద్ధ, నిర్ణయం మీదే అంతా ఆధారపడుతుంది. కలంతో రాయడానికీ అచ్చువేయడానికీ ఉన్న తేడాలాంటిది. చేతిపని వస్తువును పట్టుకున్నప్పుడు నాకు ఇప్పుడు గుర్తొచ్చేది ఈ ముప్పే. ఎన్నిచోట్ల చెడిపోగలిగేది, చెడిపోలేదు!

ఆలోచించండి. తడి మట్టి ఆరి, కాలి, పాత్ర అయ్యేసరికి మట్టి రకాన్ని బట్టి సుమారు 8 నుంచి 15 శాతం కుంచించుకుపోతుంది. మూత, కూజా వేర్వేరుగా చేసి, రెండూ ఒకేలా కుంచించుకుని చివరికి ఒకదానికొకటి సరిపోవాలి. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికం రూపం మార్చుకుని ఒక్కసారిగా సాగుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. ఆ దశలో తొందరపడితే పాత్ర చీలుతుంది. మట్టికి జ్ఞాపకం కూడా ఉంటుందంటారు. పచ్చిగా ఉన్నప్పుడు వంగిన పలకను తిన్నగా నొక్కి పెట్టినా, బట్టీలో మళ్లీ ఆ వంపు వైపే తిరుగుతుంది. ఇన్ని దాటుకుని వచ్చిన తిన్నని పళ్లెం తిన్నగా ఉండటమే ఒక సంఘటన.

చెక్క ఇంకో రకం. పొడవునా దాదాపు కదలదు, వెడల్పులో మాత్రం గాలిలో తేమను బట్టి జీవితాంతం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే మంచి తలుపులో మధ్య పలకకు జిగురు వేయరు. చట్రం గాడిలో వదులుగా నిలబెడతారు. ఒక వడ్రంగి బల్ల పైపలకను బిగిస్తూ మర రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలుస్తుంటే ఎందుకని అడిగాను. “చెక్కకు దారి ఇవ్వాలండీ. మనం ఇవ్వకపోతే అదే చేసుకుంటుంది” అన్నాడు. ఆ కోల రంధ్రం బల్ల కింద ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని ఎన్నడూ చూడరు. ముప్పై ఏళ్ల తర్వాత బల్ల చీలకపోతే, ఎందుకు చీలలేదని ఎవరూ అడగరు. వేగం గురించి కూడా మనకు ఇలాంటి పొరపాటే ఉంది. 1955లో జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గుర్తించిన కుమ్మరి హమాదా షోజీ, గరిటెతో గ్లేజును ఒక్క ఊపులో పాత్ర మీద పోసేవాడు. అంత గొప్ప పాత్రకు పదిహేను సెకన్ల పనేనా అన్నవాళ్లకు, పదిహేను సెకన్లూ దాని వెనక అరవై ఏళ్లూ కలుపుకోండి అని ఆయన జవాబు. ఆ చారలో చిందరవందరగా కనబడేదంతా చేయి ఎరిగినదే.

చేతిపనిలో నిర్ణయం ఎంత దూరం పోగలదో చెప్పాలంటే నాకు నేత కళాకారిణి ఆనీ ఆల్బర్స్ గుర్తొస్తుంది. జర్మనీలోని బౌహౌస్ పాఠశాల నేత విభాగంలో చదువుకున్న ఆమె, బెర్నౌలోని ఒక కార్మిక సంఘాల పాఠశాల సభామందిరం గోడలకు బట్ట నేసింది. ఒకవైపు సెల్లోఫేన్ వెలుతురును తిప్పికొడుతుంది, రెండోవైపు శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఆ బట్టలో “చేత్తో నేసినందువల్ల” ముచ్చటపడవలసిన వంకరలేవీ వెతకనక్కర్లేదు. పడుగులో ఏది, పేకలో ఏది, ఏ వైపు ఏది అని మగ్గం ముందు కూర్చుని ఆలోచించిన మనిషి అందులో ఉంది.

కాబట్టి నా అలవాటు మార్చుకున్నాను. బట్ట అయితే తిరగేసి చూస్తాను, వెనకవైపు పోగుల కొసలు ఎలా ముగించారో, అంచు రెండు వైపులా ఒకే బిగువులో ఉందో లేదో. గిన్నె అయితే బోర్లిస్తాను. సొరుగు అయితే పూర్తిగా బయటికి లాగి, ఎవరూ చూడని అడుగు పలక మీద చేయి వేస్తాను, అక్కడ కూడా చిత్రిక పట్టారా అని. కనబడ్డది ఏదైనా చేసినవాళ్లతో పేరుపెట్టి చెబుతాను. “ఈ అంచు ఎంత తిన్నగా వచ్చిందండీ” అంటే వాళ్ల ముఖం వెలిగే తీరు వేరు. వెంటనే ఆ అంచు వెనక కథ మొదలవుతుంది. ఏ నెలలో తేమ ఎక్కువ, ఏ నూలు మొండిది, గంజి ఎంత పలచన చేయాలి. వంకరను మెచ్చుకున్న రోజుల్లో నాకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు.

ఆ మట్టి పాత్రల ఆమెను తర్వాత ఇంకోసారి కలిశాను. ఆ రోజు బట్టీ తెరుస్తున్నానని పిలిస్తే వెళ్లాను. తలుపు సందు చేసి, లోపలి వేడి చెంపకు తగలనిచ్చి, ఇంకా ఆగాలంటూ మళ్లీ మూసింది. చాలాసేపటి తర్వాత ఒక్కొక్కటే తీసి నేల మీద రెండు వరసలుగా పెట్టింది. రెండో వరస చిన్నది. దాని ముందు చతికిలబడి, నూలుగుడ్డ అట్ట వేసిన ఒక పాత నోటు పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది. ఏ పాత్ర ఏ అరలో ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, ఏం జరిగింది. నేను మెచ్చుకున్న పళ్లెం కూడా అందులో ఉంటుందా అని అడిగాను. నవ్వి, పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. చిన్న బొమ్మ గీసి, లేచిన అంచు దగ్గర బాణం గుర్తు పెట్టి ఉంది. కింద రాసి ఉంది: “కిటికీ వైపు అంచు ముందే ఆరిపోయింది. ఈసారి తడిగుడ్డ కప్పాలి.”